సహజంగా వచ్చేది ఏదో మీకెలా తెలిసింది?

తికమక:
ఆఫీసులో అందరిచేతా, ఎవరికి ఏది సహజంగా వస్తుందో చెప్పే బలాల పరీక్ష రాయించారు. డొనాల్డ్ క్లిఫ్టన్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన 34 అంశాల పరీక్ష అది. 177 ప్రశ్నలు, ఒక్కోదానికి 20 సెకన్ల టైమే. చివర్లో నాలో ముందున్న ఐదు అంశాల పేర్లు రాసిన కాగితం చేతిలో పెట్టారు. నాకు మొదట వచ్చింది ‘సామరస్యం’. అంటే గొడవలంటే భయమనా? పాట రాదు, బొమ్మ రాదు, ప్రతిభంటే అవేననుకుంటూ 36 ఏళ్లు వచ్చాయి నాకు. ఇప్పుడీ కాగితం పెట్టుకుని ఏం చేయాలి? మీ సంగతులు చెప్పండి.

ఎర్రపెన్ను:
నాది లెక్కల పని. తెర మీద పట్టిక పెట్టగానే నా కళ్లు సరాసరి తప్పున్న గడి దగ్గరికి పోతాయి. నేను వెతకను, అదే కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. అందరికీ ఇలాగే కనిపిస్తుందని, కనిపించినా పట్టించుకోవట్లేదని చాలా ఏళ్లు లోలోపల చిరాకుపడ్డాను. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి “అక్కా, అదెలా చూశారు?” అని అడిగింది. జవాబు తెలియలేదు. ఆ రోజు గానీ అర్థం కాలేదు, మిగతావాళ్లకు నిజంగానే కనిపించడం లేదని.

కాబట్టి ‘తికమక’ గారూ, మీకు ఎదుటివాళ్ల మీద ఎక్కడ “ఇంత చిన్న విషయం తెలీదా!” అనిపిస్తుందో అక్కడ వెతకండి.

అయితే కనిపించడంతో పని అయిపోలేదు. ఓసారి పెద్దవాళ్లంతా కూర్చున్న మీటింగులో, సహోద్యోగి స్లైడులో 4,80,000 ఉండాల్సిన చోట 4,08,000 ఉందని అక్కడికక్కడే అనేశాను. మాట నిజమే. ఆయన మాత్రం రెండు నెలలు నాతో మాట్లాడలేదు. పైగా తప్పు ఉందని చెప్పగలను గానీ, ఎలా వచ్చిందో చెప్పలేకపోయేదాన్ని. అది కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. ఉదాహరణకు ఆ రెండు సంఖ్యల తేడా 72,000. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగమైతే, ఎవరో రెండు అంకెలు అటూ ఇటూ కొట్టి ఉండొచ్చని మొదటి అనుమానం. పాత లెక్కలవాళ్లందరికీ తెలిసిన చిట్కానే, నాకు మాత్రం ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాక తెలిసింది. ఇప్పుడు మీటింగుకు ముందే విడిగా చెబుతాను, కారణంతో సహా.

పాతసైకిల్:
నాది ఇందుకు తిరగబడ్డ కథ. పదేళ్ల వయసులో పాట ఒక్కసారి వింటే కీబోర్డు మీద వాయించేవాణ్ణి. ఇంట్లో ఒకటే మురిపెం. అంత సులువుగా వస్తుంటే స్వరాలు చదవడం నేర్చుకోవడం దేనికని వదిలేశాను. నాతోపాటు మొదలుపెట్టిన స్నేహితుడికి చెవి అంత చురుకు కాదు. వాడు తడబడిన రెండు క్షణాల ముక్కనే పట్టుకుని, వేగం సగానికి తగ్గించి, ఇరవై సార్లు వాయించేవాడు. నేనేమో తడబడ్డ ప్రతిసారీ పాట మొదటికెళ్లి, బాగా వచ్చిన భాగమంతా మళ్లీ వాయించి మురిసిపోయేవాణ్ణి. ఇరవై ఏళ్లకు వాడెక్కడో, నేనెక్కడో.

1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన తర్వాతెప్పుడో చదివాను. అందరూ దాన్నుంచి ‘పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులే’ అన్న ముక్క ఒక్కటే పట్టుకున్నారు. అది అందరికంటే బాగా వాయించేవాళ్లకు ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఉన్న సగటు, దాటాల్సిన గీత కాదు. నన్ను గుచ్చింది వేరే సంగతి. వాళ్లు లెక్కగట్టింది ఒంటరిగా చేసిన సాధనని, అంటే లోపాలు దిద్దుకోవడానికి కూర్చున్న సాధనని వాళ్ల ఉద్దేశం. నా గంటల్లో అలాంటివి ఎన్నున్నాయో చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది.

గాలిపటం:
సులువుగా వచ్చిందే మన బలమంటారు, నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. నాకు లెక్కలు బాగా వచ్చు. చేశాక మాత్రం ఒంట్లో సత్తువ ఉండదు. అదే ఎవరికైనా అర్థం కాని విషయం విడమరిచి చెబితే, గంటసేపు మాట్లాడినా ఇంకో గంట చెప్పాలనిపిస్తుంది. నేనైతే రెండోదానికే ఓటేస్తాను. పని అయ్యాక ఎలా ఉందో వారం పాటు ఒక ముక్క రాసి చూడండి, పరీక్షకు డబ్బు కట్టక్కర్లేదు.

నిద్రగన్నేరు:
‘తికమక’ గారూ, సామరస్యమంటే భయమని కాదు. ఇద్దరు వాదించుకుంటుంటే, ఇద్దరూ ఒప్పుకునే ముక్క మీకు ముందే వినిపిస్తుందా? వినిపిస్తే అదే మీ ప్రతిభ. విని కూడా నోరు మెదపకుండా కూర్చుంటే అప్పుడు భయం. క్లిఫ్టన్ లెక్కలో కూడా ప్రతిభ వేరు, బలం వేరు. ప్రతిభకి శ్రమ, చదువు, అలవాటు కలిస్తే బలం. మీ చేతిలో ఉన్న కాగితం మొదటి సగమే చెబుతుంది.

తికమక:
వినిపిస్తుందండీ! ఎప్పుడూ వినిపిస్తుంది. అడిగితే చెప్పొచ్చులే అని ఊరుకుంటాను, ఎవరూ అడగరు.

తికమక (పది రోజుల తర్వాత):
ప్రయత్నించాను. నిన్న ఇద్దరు నివేదిక గురించి గొంతులు పెంచుకుంటున్నారు. గుండె దడదడలాడుతుంటే అన్నాను: “ఒక్క నిమిషం. శుక్రవారానికి ఇవ్వడం ఇద్దరికీ సమ్మతమే కదా? గొడవంతా ఎవరి పేరు ముందుండాలన్నదేనా?” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నవ్వేశాడు. రెండో ఆయన నవ్వలేదు గానీ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఇంటికొచ్చాక ఇంకోటి తట్టింది. శుక్రవారానికి ఆ పని అవదని నా ఉద్దేశం. అది మాత్రం చెప్పనేలేదు.

ఎర్రపెన్ను:
ఎందుకు అవదో రాసిపెట్టుకున్నారా?

తికమక:
ఇప్పుడే రాస్తున్నా. సోమవారం ఇంకో మీటింగుంది.