పాత వంతెనల డెక్కులకు ప్రీకాస్ట్ పలకలను తప్పనిసరి చేయాలా?

వారధి:
అమెరికాలోని మాసచుసెట్స్‌లో, ఐ-93 రహదారి మీద మెడ్‌ఫర్డ్ దగ్గర 2010లో ఒక వంతెన డెక్కుకు, అంటే వాహనాలు నడిచే పైభాగానికి, పెద్ద కన్నం పడింది. మరుసటి వేసవిలో అక్కడి 14 వంతెనల పైభాగాలను 10 వారాంతాల్లో మార్చేశారు. వేరేచోట ముందే తయారుచేసిన (ప్రీకాస్ట్) భాగాలను తెచ్చి అమర్చినందువల్లే అంత వేగం సాధ్యమైంది. అలాంటప్పుడు కాలం తీరిన రహదారి వంతెనలన్నిటికీ ఇదే పద్ధతిని నియమంగా ఎందుకు పెట్టకూడదు?

లెక్కలమారి:
వారధి గారూ, మెడ్‌ఫర్డ్‌లో మార్చింది డెక్కు ఒక్కటే కాదు, ఉక్కు దూలాలతో సహా మార్చారు. పాత గర్డర్లను, అంటే డెక్కును మోసే దూలాలను, ఉంచుకుని పైన పలకలు మాత్రం పరిచే పనికి అది సరిపోయే ఉదాహరణ కాదు. పైగా 14 వంతెనలు ఒకే దారి మీద ఉన్నాయి కాబట్టి ఏర్పాట్ల ఖర్చు అన్నిటికీ పంచుకుపోయింది. ఎక్కడో వాగు మీదున్న ఒంటరి వంతెనకు పెద్ద క్రేను తెప్పించి, పలకలు దూరం నుంచి మోయించడం దండగ. పలకలెన్ని ఉంటే అతుకులన్ని, అతుకులెన్ని ఉంటే నీరు దిగే దారులన్ని.

డెక్కు పరిశీలకుడు:
అతుకుల సంగతి నిజమే, కానీ అక్కడికక్కడే పోసిన డెక్కుకు నీరు దిగే దారులు లేవనుకోకూడదు. పచ్చి కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోబోతే కింది గర్డర్లు దాన్ని కదలనివ్వవు, అందువల్ల అడ్డంగా పగుళ్లు వస్తాయి. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు ఆ పగుళ్ల గుండా దిగి లోపలి ఉక్కు కడ్డీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును పొరలుగా లేపుతుంది. డెక్కు మీద ఇనుప గొలుసులు ఈడ్చుకుంటూ నడిస్తే గట్టిచోట ఖంగుమనే మోత, పొర లేచినచోట డొల్లగా మారడం చెవికే తెలుస్తుంది. ప్రీకాస్ట్ పలక ఆ కుంచించుకుపోవడంలో చాలా భాగాన్ని గర్డరెక్కకముందే, అది తయారయ్యే యార్డులోనే పూర్తిచేసుకుంటుంది.

ఇక అతుకు. అతుకుల్లో నింపే మామూలు గ్రౌటు (సిమెంటు ముద్ద) పలక అంచు నుంచి విడిపోయి కారడం పాత రోగమే. న్యూయార్క్ రాష్ట్రం 2009లో ఒనియోంటా దగ్గర పలకల మధ్య యూహెచ్‌పీసీ అనే అతిదృఢ కాంక్రీటు పోయించింది. ఘనపరిమాణంలో సుమారు 2 శాతం సన్నని ఉక్కు పోగులు కలిపే ఈ కాంక్రీటు కడ్డీని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, 150 మిల్లీమీటర్ల వెడల్పున్న అతుకు కూడా చాలుతుంది. అయితే పలక అంచున కంకర తేలేలా గరుకు చేయాలి, పోసేముందు ఆ అంచును బాగా తడపాలి. పొడి అంచు కొత్త కాంక్రీటులోని నీటిని పీల్చేసుకుంటే ఎంత ఖరీదైన మిశ్రమమైనా అతుక్కోదు.

లెక్కలమారి:
రాత్రి 2 గంటలకు, తెల్లారేలోగా దారి తెరవాలన్న తొందరలో, అంచు తడిపారో లేదో ఎవరు చూస్తారు?

డెక్కు పరిశీలకుడు:
అందుకే నేను తప్పనిసరి నియమాన్ని సమర్థించడం లేదు. దారి మూస్తే ఊరంతా స్తంభించే చోట ప్రీకాస్ట్‌కే నా ఓటు, అదీ అతుకు పనికి టెండరులో విడిగా ధర, విడిగా తనిఖీ రాస్తేనే. వాహనాలను సగం వెడల్పులో నడిపిస్తూ నెలల తరబడి పని చేసుకోగల చోట, పోసిన డెక్కును రోజుల తరబడి తడిగోనెలు కప్పి ఉంచే ఓపిక ఉంటే, పోత పద్ధతే చవక.