పాపైనా బాబైనా ఒకటే పేరు: స్పెల్లింగ్ దగ్గర ఆగిపోయాం, సలహా చెప్పండి

కాబోయే అమ్మ:
డెలివరీకి ఇంకా ఆరు వారాలుంది. పాపో బాబో తెలియదు, ఎవరు పుట్టినా ఒకటే పేరు అనుకున్నాం. క్లాసులో పిలిస్తే నలుగురు తిరిగి చూసే పేరు మాత్రం వద్దు. వడపోయగా మూడు మిగిలాయి: ఋత, కడలి, వేకువ. తెలుగులో రాసుకుంటే మూడూ ముద్దొస్తున్నాయి. ఇంగ్లిష్‌లో రాసేసరికి మాత్రం చదివినవాళ్లు తలో పేరు చెబుతున్నారు. ఋతకి మావారు 'ఆర్ యు' అంటారు, మా ఆడపడుచు 'ఆర్ ఐ' అంటుంది. 'టి' పక్కన 'హెచ్' ఉండాలా వద్దా అన్నది ఇంకో గొడవ. ఏది మంచిది?

తెలుగు టీచర్‌ని:
ఋతం అంటే సత్యం, వేదాల్లో ఈ సృష్టి నడిచే క్రమం. అర్థానికి వంక పెట్టలేం. చిక్కంతా 'ఋ'తోనే. దాన్ని మనం 'రు' అంటాం, హిందీవాళ్లు 'రి' అంటారు. మన నోట్లో 'క్రుష్ణ' అని పలికే పేరుకి ఇంగ్లిష్‌లో 'ఐ' రాస్తున్నది అందుకే. మీవారు చెప్పినట్టు 'యు' వేస్తే మనవాళ్లు సరిగ్గానే పలుకుతారు. కానీ రేపు ఏ ఫారంలోనో దాన్ని చూసి తెలుగులో 'రుత' అని ఎక్కిస్తారు. రుతం అంటే పక్షి కూత. చెడ్డ అర్థమేమీ కాదు గానీ మీరు పెట్టిన పేరు అది కాదు కదా.

ఇక 'హెచ్'. మనం ఒట్టి 'టి'ని 'ట'కి ఉంచేసి, 'త'కి 'టి హెచ్' రాస్తాం. ఉత్తరాదిలో ఒట్టి 'టి'నే 'త'కి వాడతారు, 'హెచ్' చేరిస్తే 'థ' అవుతుంది. మీ పేరులో ఇంకో తమాషా ఉంది. 'ఆర్ యు టి హెచ్' అని రాయగానే బైబిల్లోని రూతు కనిపిస్తుంది. ఆవిడ స్త్రీ. పేరు అటూ ఇటూ చెల్లాలన్న మీ కోరిక అక్కడే పోతుంది.

కడలిలో 'డ', 'ద' రెండిటికీ దిక్కు ఒక్క 'డి'యే. 'ల', 'ళ'లకీ అంతే. 'కదళి' అని చదివితే సముద్రం కాస్తా అరటిచెట్టు అవుతుంది! వేకువకి ఒక 'ఇ' రాస్తే 'వెకువ', రెండు రాస్తే 'వీకువ'. 'ఏ'ని నిఖార్సుగా చూపించే దారి ఇంగ్లిష్‌లో లేదు.

అందుకే నా మాట: త, ద, ట, డ, ణ, ళ, ఋ ఉన్న పేర్లు స్పెల్లింగ్‌లో సతాయిస్తాయి. క, మ, న, ర, వ, స లాంటివి నమ్మకస్తులు.

ఇద్దరు పిల్లల తండ్రి:
నాది రెండు వైపులా చెల్లే పేరే. చిన్నప్పటి నుంచి 'కుమారి' అని ఎన్ని ఉత్తరాలు వచ్చాయో లెక్కలేదు. ఫోన్ ఎత్తితే "మేడమ్ గారికి ఇవ్వండి" అంటారు. ఒకసారి టికెట్ మీద స్త్రీ అని పడి, గుర్తింపు కార్డు చూపించి పావుగంట సంజాయిషీ ఇచ్చుకున్నాను. బాధేం లేదు, అలవాటైపోయింది. తెలుగులో ఒక సుఖం ఉంది: పేరు చివర 'గారు' తగిలిస్తే వచ్చాడా, వచ్చిందా అన్న గొడవే రాదు, 'వచ్చారు' అంటే సరి.

అసలు ఏ పేరు ఎవరిదన్నది ఎక్కడున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. నికిత మనకి అమ్మాయి, రష్యాలో అబ్బాయి. ఆండ్రియా ఇటలీలో మగవాళ్ల పేరు. మన కిరణ్ అయితే జర్మనీలో కోర్టుకే ఎక్కింది. ఆడపిల్లకి ఆ పేరు పెడతామంటే, ఆడో మగో తెలియడం లేదని నమోదు చేయలేదు. చివరికి 2008 డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, పేరు చూడగానే ఆ తేడా తెలియాలని చట్టంలో లేదని తేల్చి తల్లిదండ్రుల పక్షాన నిలిచింది.

ఒక అక్క:
న్యూమరాలజీ చూపించారా? చివర ఇంకో 'ఎ' చేరిస్తే సరిపోతుందేమో.

తెలుగు టీచర్‌ని:
అక్కా, నమ్మకం ఎవరిది వాళ్లది, కాదనను. కానీ ఆ అదనపు అక్షరాన్ని జీవితాంతం "డబుల్ ఎ అండీ" అని చెప్పుకోవాల్సింది ఆ బిడ్డే. ఒక సర్టిఫికెట్‌లో రెండు, ఇంకోదాంట్లో ఒకటి పడిందంటే ఆ టెన్షన్ వేరే.

కాబోయే అమ్మ:
మరి మధ్యలో చిన్న గీత పెట్టి విడదీస్తేనో, పైన కామా లాంటిది పెడితేనో? పలకడం తేలికవుతుందేమో.

ఇద్దరు పిల్లల తండ్రి:
వద్దమ్మా. పాస్‌పోర్టులో ఫొటో పేజీ అడుగున మెషీన్ చదివే రెండు వరుసలుంటాయి చూడండి. పేరు రాసే చోట ఇంగ్లిష్ పెద్ద అక్షరాలే పడతాయి. గీత పెడితే దాని స్థానంలో బాణం మొనలాంటి ఖాళీ గుర్తు వస్తుంది, పైన కామా అయితే ఎగిరిపోతుంది. ఇంటిపేరుతో కలిపి మొత్తం 39 గళ్లే ఉంటాయి.

మేం మా రెండోవాడికి ఒక పని చేశాం. పేరు తెలియని ఒకరికి ఫోన్లో చెప్పి ఇంగ్లిష్‌లో రాయమన్నాం. ఆ కాగితం ఇంకొకరికి ఇచ్చి తెలుగులో రాయమన్నాం. అదే పేరు తిరిగొస్తే పాసైనట్టు. మా మొదటి ఎంపిక ఇంకేదో అయి తిరిగొచ్చింది, వదిలేశాం.

కాబోయే అమ్మ:
నాలుగు రోజులకి వచ్చాను. ఆ ఫోన్ పరీక్ష ఆరుగురితో చేశాం. ఋత ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. వేకువ రెండుసార్లు 'వెకువ', ఒకసారి 'వీకువా'. కడలి సగం సగం. మాస్టారు చెప్పిన అక్షరాలు పట్టుకుని వెతుకుతుంటే 'ఉనికి' తట్టింది. యు ఎన్ ఐ కె ఐ, ఎక్కడా తిరకాసు లేదు. తెలుగువాళ్లంతా ఉనికి అనే రాశారు. తెలుగు రాని స్నేహితురాలు మాత్రం 'యూనికీ' అంది, ఒకసారి చెబితే సర్దుకుంది.

మావారికి ఒకటే అనుమానం, పేపర్లో "ఉనికికే ప్రమాదం" అని హెడ్డింగ్ వచ్చినప్పుడల్లా ఇంట్లో నవ్వులేనని. మీకెలా అనిపిస్తోంది?

తెలుగు టీచర్‌ని:
పెట్టేయండి. కడలి ముద్దుపేరుగా ఇంట్లో ఉంచుకోండి, దానికి స్పెల్లింగ్ అడిగేవాళ్లుండరు.