యాంగిల్ గైడ్‌లో బిగించినా ఉలి అంచు ఓరగా వస్తోంది, లోపం ఎక్కడ?

ఆదివారం_వడ్రంగం (విజయనగరం)

అందరికీ నమస్కారం. వారమంతా ఆఫీసు, ఆదివారం మాత్రం మేడ మీద రేకుల షెడ్డులో చెక్కపని. ప్రస్తుతం పూజా మందిరం చేస్తున్నాను. కంటోన్మెంట్ వైపు ఒక పాత ఇల్లు పడగొడుతుంటే టేకు గుమ్మాలు కొన్నాను. మేకులు పీకి, రంగు గీకి, కొలతకు కోసి పెట్టుకున్నాను. ఇక జాయింట్లకు బెజ్జాలు కొట్టడమే.

చిక్కల్లా పదును దగ్గరే. ఉత్త చేత్తో నూరితే ఉలి వాలు గుండ్రంగా తిరిగిపోతోందని ఆన్‌లైన్‌లో యాంగిల్ గైడ్ తెప్పించాను. రెండు పక్కల నుంచి స్క్రూతో బిగించే రకం, కింద చిన్న చక్రం ఉంటుంది. రాయి మా మావయ్యగారిది. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్న నల్లటి కార్బొరండం రాయి.

25 మిల్లీమీటర్ల ఉలి పర్వాలేదు. 6 మిల్లీమీటర్లది మాత్రం ఎంత జాగ్రత్తగా పెట్టినా అంచు ఓరగా వస్తోంది. మూలమట్టం పెట్టి చూస్తే ఒక మూల పొడుగ్గా ఉంటుంది. పైగా ఉలి తీసి మళ్లీ బిగించిన ప్రతిసారీ వాలు మీద కొత్తచోట రాయి తగులుతోంది, దాంతో మళ్లీ మొదటి నుంచి అరగదీయాలి. జాక్ ప్లేన్ బ్లేడుది ఇంకో గొడవ. పదునైతే ఎక్కుతోంది, కానీ చిత్రిక పడితే బ్లేడు మూలలు చెక్క మీద గీతలు పెడుతున్నాయి.

మా వీధిలోకి పనికి వచ్చే వడ్రంగి తాత ఒకాయన చూసి, "ఉలికి బండి కట్టీసేవేటి బాబూ" అని ఒకటే నవ్వు. గైడ్ మంచిది కాదా? ఇంకాస్త ఖరీదైనది కొనాలా? లేక బండి పక్కన పెట్టి చేత్తోనే నేర్చుకోవాలా?

ఏడురోడ్ల_జంక్షన్

తాత చెప్పింది కరెక్ట్ అన్నయ్యా. మా నాన్న జన్మలో గైడ్ మొహం చూడలేదు. రాయి మీద రెండు చుక్కల నూనె, నాలుగు తోపులు, పని మొదలు. ఆ డబ్బులతో ఇంకో మంచి ఉలి వచ్చేది. వీడియోలు చూసి సామాన్లు కొనడం తగ్గిస్తే సగం సమస్యలు ఉండవు.

చెక్కమాస్టారు (శ్రీకాకుళం)

బాబూ, గైడ్ జోలికి తర్వాత వద్దాం. ముందు ఆ రాయి తీసి వెలుతురులో పెట్టండి. స్టీలు స్కేలు అంచును రాయి మీద పొడవునా నిలబెట్టి, కంటి ఎత్తులో చూడండి. తర్వాత అడ్డంగా, మూలమూలకీ కూడా పెట్టి చూడండి. మావయ్యగారు వాడిన రాయి అంటున్నారు కాబట్టి మధ్యలో వెలుతురు కనపడుతుందని నేను ఇక్కడి నుంచే చెప్పగలను.

ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి. కుర్రాళ్లు ఉలి పట్టుకొచ్చి "పదును రావట్లేదు సార్" అంటే ఉలి వంక చూసేవాణ్ణి కాదు, "రాయి తే" అనేవాణ్ణి. చేత్తో నూరేవాడికి రాయిలో గుంట పెద్ద అడ్డం కాదు. మణికట్టు దానికి తగ్గట్టు వంగుతుంది. గైడ్‌కి మణికట్టు లేదు కదా. చక్రం గుంటలోకి దిగినప్పుడు ఒక కోణం, గట్టెక్కినప్పుడు ఇంకో కోణం. రాయి అడ్డంగా కూడా అరిగి ఉంటే చక్రం ఒక పక్కకి ఒరుగుతుంది, దాంతో పాటే ఉలీ ఒరుగుతుంది. 25 ఉలికి వెడల్పు ఉంది కాబట్టి కొంత నిలదొక్కుకుంటుంది. 6 ఉలికి ఆనుకోవడానికి చోటే లేదు, చక్రం ఎటు ఒరిగితే అటే పోతుంది. మీ ఓర అంచులో ముప్పాతిక వంతు కథ ఇదే.

రాయిని చదును చెయ్యడానికి ఖర్చేమీ లేదు. మన టెక్కలి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు బోలెడు, మీ ఊళ్లోనూ మార్బుల్ షాపుల దగ్గర కోసి పారేసిన ముక్కలు ఉంటాయి. పాలిష్ పట్టిన ముక్క ఒకటి తెచ్చుకోండి, రాయికి రెండింతలు ఉండాలి. దాని మీద 120 నంబరు వాటర్ పేపర్ పరిచి నీళ్లు పోయండి. రాయి ముఖమంతా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, ఆ పేపర్ మీద తిప్పుతూ రుద్దండి. చుట్టూ గీతలు పోయి మధ్యలో మిగిలితే ఆ మిగిలిందే గుంట. చివరి గీత పోయేదాకా రుద్దాలి. కార్బొరండం గట్టిది, పేపర్లు రెండు మూడు తినేస్తుంది, చేతులు పీకుతాయి. చెయ్యండి. ఇది తప్పించుకుని ఎన్ని వేల గైడ్ కొన్నా అంచు ఓరగానే వస్తుంది.

ఇంకోటి, ఆ రాయికి ఇంట్లో కొబ్బరినూనో వంటనూనో పట్టిస్తుంటే ఆపెయ్యండి. జిగురు కట్టి రాయి మూసుకుపోతుంది, ఇనుము జారుతుందే గానీ అరగదు. కుట్టుమిషన్ నూనె చాలు. ఆ నూనే గైడ్ చక్రం ఇరుసుకీ ఒక చుక్క వెయ్యండి. నూరిన బురద ఇరుసులోకి పోతే చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుంటూ వస్తుంది, అప్పుడు చక్రమే ఒక పక్క చదునుగా అరిగిపోతుంది.

ఇప్పుడు గైడ్. మీరు చెప్పిన రకానికి మూలం షెఫీల్డ్‌లో జేమ్స్ నీల్ కంపెనీ చేసిన ఎక్లిప్స్ 36 నంబరుది. ఇప్పుడు సైట్లలో దొరికేవి చాలామటుకు దాని నకళ్లే. డిజైన్‌లో లోపం లేదు, పోతపనిలో ఉంటుంది. ఉలి కూర్చునే కింది గాడిలో రంగు పేరుకుని, పోత గుబ్బలు మిగిలి ఉంటాయి. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది. చిన్న ముక్కోణపు ఆకురాయితో ఆ గుబ్బలు మాత్రం తీసెయ్యండి, గాడి లోతు పెంచొద్దు. ఉలి అందులో రెండు పక్కలా సమంగా ఆనాలి. బిగింపు వేళ్లతో సరిపోదు, స్క్రూడ్రైవర్‌తో చివరి పావు తిప్పు తిప్పండి.

తీసి బిగించిన ప్రతిసారీ కోణం మారుతోంది అన్నారు. మారకేం చేస్తుంది? ఉలి గైడ్ ముందుకి ఎంత పొడుచుకు వస్తోందో అదే కోణాన్ని నిర్ణయిస్తుంది. ఈ రకం గైడ్‌లో ఉలి 40 మిల్లీమీటర్లు బయటికి ఉంటే 25 డిగ్రీలు, 30 మిల్లీమీటర్లు ఉంటే 30 డిగ్రీలు. ప్లేన్ బ్లేడు పై మెట్టు మీద కూర్చుంటుంది, ఎత్తు ఎక్కువ కాబట్టి దానికి 50, 38. ప్రతిసారీ స్కేలుతో కొలిస్తే ఒక మిల్లీమీటరు అటూఇటూ అవుతుంది. అందుకే పలక ముక్క ఒకటి తీసుకుని, దాని అంచు నుంచి ఈ నాలుగు దూరాల్లో నాలుగు చిన్న చెక్కబిళ్లలు మేకులతో కొట్టుకోండి. గైడ్ ముక్కు పలక అంచుకి ఆనించి, ఉలి కొన బిళ్లకి తగిలేదాకా జరిపి బిగిస్తే సరి. నకలు గైడ్లలో ఎత్తు కొద్దిగా తేడా ఉండొచ్చు, మొదటిసారి కోణమానినితో చూసుకోండి. తేడా ఉన్నా కొంప మునగదు. 29 అయినా 31 అయినా రోజూ అదే 29, అదే 31 రావాలి, అంతే.

వాలు మొత్తం 25కి ఒక్కసారి దింపుకోండి. తర్వాత పదును పెట్టేదల్లా 30లో, కొనన ఒక మిల్లీమీటరు మేర మాత్రమే. అంత కొంచెం ఇనుము అరగడానికి ఎంతసేపు పడుతుంది? మీరు ఇప్పటిదాకా వాలంతా అరగదీస్తున్నారు, అందుకే తెమలడం లేదు. వాలు మీద మార్కర్ పెన్ను పూసి రెండు తోపులు తోసి చూడండి, రాయి ఎక్కడ తగులుతోందో నల్లరంగే చెబుతుంది. పాత టేకులో బెజ్జాలు కొట్టే ఉలికి 30 కూడా పల్చనే అనిపించొచ్చు. టేకులో సిలికా ఉంటుంది, గుమ్మం చెక్క కాబట్టి ఇసుకా, విరిగిన మేకు ముక్కలూ లోపల ఉండొచ్చు. సుత్తి దెబ్బ తినే ఉలిని 35కి పెట్టుకోండి.

6 ఉలికి ప్రత్యేకంగా: ఒకే వేలు, సరిగ్గా కొన మీద. రెండో చెయ్యి గైడ్‌ని నడిపించడానికే, నొక్కడానికి కాదు. వెనక్కి లాగేటప్పుడే నొక్కండి, ముందుకి పోయేటప్పుడు వదిలెయ్యండి. రాయి మధ్యలో చెయ్యొద్దు, సన్న ఉలి అక్కడ గాడి తవ్వేస్తుంది. అంచుల పక్కన చెయ్యండి.

ఎప్పుడు ఆపాలి అంటే, ఉలి చదును వైపు బొటనవేలిని కొన బయటికి జరిపి చూస్తే సన్నటి గరుకు తగలాలి. ఈ మూల నుంచి ఆ మూల దాకా తగలాలి. ఒక మూలే తగిలితే రెండో మూల ఇంకా రాలేదు. వచ్చాక నునుపు రాయి, ఆ తర్వాత ఉలిని వెల్లకిలా చదునుగా పరిచి ఆ గరుకు తీసెయ్యడం. చదును వైపు కొన నుంచి ఒక అంగుళం మేర అద్దంలా ఉంటే చాలు, పిడి దాకా రుద్దక్కర్లేదు.

ఖరీదైన గైడ్ అడిగారు. కెనడా వాళ్ల వెరిటాస్ గైడ్‌లో దూరం కొలిచే అమరిక దానితోనే వస్తుంది, రెండో కోణానికి చక్రం ఇరుసుని కొద్దిగా తిప్పితే చాలు. బాగుంటుంది. మీ మందిరానికి అవసరం లేదు.

ఏడురోడ్ల తమ్ముడికి ఒక మాట. మీ నాన్నగారు రోజూ ఉలి పట్టిన మనిషి, కోణం ఆయన చేతిలో ఉంది. ఈయన ఆదివారం నుంచి ఆదివారానికి పడతాడు, మధ్యలో చెయ్యి మర్చిపోతుంది. మా కుర్రాళ్లకి మొదట గైడ్‌తోనే పదునంటే ఏమిటో చూపించేవాణ్ణి. అసలు పదును ఎలా ఉంటుందో ఒకసారి చేతికి తెలిస్తే, తర్వాత గైడ్ తీసేసినా అది దొరికేదాకా ఊరుకోరు.

ఏడురోడ్ల_జంక్షన్

మాస్టారూ, రాయి విషయంలో ఒప్పుకుంటాను. మా నాన్న కూడా సిమెంటు గచ్చు మీద ఇసుకా నీళ్లూ పోసి రాయిని రుద్దేవాడు. కానీ పని మధ్యలో ఉలి మొద్దుబారితే ఎవడు పలకా బిళ్లలూ పెట్టుకుని కూర్చుంటాడండీ? పనికి వెళ్లినచోట అయితే ఇంటి ఓనరు గడియారం చూస్తాడు.

చెక్కమాస్టారు (శ్రీకాకుళం)

ఈయన మేడ మీద గడియారం చూసే ఓనరు ఎవరూ లేరుగా తమ్ముడూ.

పనసచెక్క_బొబ్బిలి

నాదీ ఒక మాట. మాది గొల్లపల్లి దగ్గర, వీణల పని. మాస్టారు చెప్పినవన్నీ తిన్నటి అంచులకే. వీణ కుండ లోపల తొలిచేది గుండ్రటి ఉలితో, దానికి ఈ గైడ్ పనికిరాదు. కొనేవాళ్లు ముందే తెలుసుకోవాలని చెబుతున్నాను. దాన్ని రాయి మీద అడ్డంగా పెట్టి, మణికట్టుతో ఒక మూల నుంచి ఇంకో మూలకి దొర్లించుకుంటూ నూరాలి. లోపలి వంపుకి గుండ్రటి అంచున్న చిన్న రాయి వేరే ఉంటుంది. అది దొరక్కపోతే, ఉలి వంపుకి సరిపడే గుండ్రటి కర్రకి వాటర్ పేపర్ చుట్టండి.

పనసలో పొర ఎదురు తిరిగినచోట పదును తగ్గితే చెక్క చిరుగుతుంది. తడిమి చూడక్కర్లేదు, తెగిన చోటే చెప్పేస్తుంది. నున్నగా మెరిస్తే పదును ఉన్నట్టు. పాలిపోయి నూగులా లేస్తే రాయి దగ్గరికి వెళ్లాలి. నేను చివరన పాత తోలుబెల్టు ముక్క మీద పచ్చ పాలిష్ పూసి లాగుతాను. ఎప్పుడూ వెనక్కే లాగాలి, ముందుకి తోస్తే తోలు తెగుతుంది.

అలాగే, ఎవరైనా తొందరపడి కరెంటు సాన చక్రం మీద పెడితే జాగ్రత్త. కొన నీలంగా మారిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకి పోయినట్టే, ఆ మేరకి ఉక్కు మెత్తబడుతుంది. నీలం ఉన్నంతమేరా అరగదీసి పారెయ్యడమే. పక్కన నీళ్ల డబ్బా పెట్టుకుని, వేలికి వెచ్చగా తగలగానే ముంచుతుండాలి.

ఆదివారం_వడ్రంగం (విజయనగరం)

మాస్టారూ, స్కేలు పెడితే రాయి మధ్యలో వెలుతురు ధారాళంగా వచ్చింది. రింగు రోడ్డు వైపు మార్బుల్ షాపులో గ్రానైట్ ముక్క ఊరికే ఇచ్చారు. రాయి చదునయ్యాక అదే గైడ్‌తో 6 ఉలి మూలమట్టానికి అతుక్కున్నట్టు వస్తోంది. గాడిలో మీరు చెప్పిన గుబ్బ కూడా ఉంది, తీసేశాను. పలక మీద బిళ్లలు కొట్టుకున్నాను, 35కి ఇంకోటి అదనంగా పెట్టాను. దానికి దూరం కోణమానినితో చూసుకునే పెట్టాను. తాతకి చూపిస్తే బండి మాట ఎత్తలేదు, తన ఉలి తీసి "దీన్ని కూడా ఓపాలి తోసీ బాబూ" అన్నారు.

ప్లేన్ బ్లేడు మూలల గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. ముడుల దగ్గర చెక్క లేచిపోతోంది కూడా. బ్లేడు కోణం పెంచమంటారా?

చెక్కమాస్టారు (శ్రీకాకుళం)

పెంచొద్దు. జాక్ ప్లేన్‌లో బ్లేడు 45 డిగ్రీల మీద పడుకుని ఉంటుంది, వాలు కింది వైపు. మీరు 25 పెట్టినా 30 పెట్టినా చెక్కకి తగిలే కోణం ఆ 45 మాత్రమే, మారదు.

గీతలకి మందు ఇది. బ్లేడు తిన్నగా ఉండకూడదు, రెండు మూలలూ వెంట్రుకవాసి తగ్గాలి. గైడ్‌లోనే ఉంచి, వేలు ఎడమ మూల మీద నొక్కి కొన్ని తోపులు, కుడి మూల మీద అన్నే తోపులు, చివర్లో మధ్యన రెండు. మీది సన్న చక్రం కాబట్టి ఒరుగుతుంది, వెడల్పు చక్రమున్న గైడ్ అయితే ఇది కుదిరేది కాదు. స్కేలు అంచుకి ఆనించి చూస్తే మూలల దగ్గర సన్నటి వెలుతురు కనిపించాలి. ఎక్కువ తీసేస్తే పలక మీద కాలవలు పడతాయి.

ముడుల దగ్గర లేవడం పైరేకు వల్ల. బ్లేడు మీద బిగించే ఆ రేకు అంచు, బ్లేడు కొనకి ఎంత వెనక ఉంది? రెండు మిల్లీమీటర్లు ఉంటే అర మిల్లీమీటరుకి తెచ్చి, బ్లేడు కొంచెమే దింపి పట్టండి. రేకుకీ బ్లేడుకీ మధ్య సందు ఉంటే పొరలు అందులో ఇరుక్కుని ప్లేన్ మూతి మూసుకుపోతుంది, కాబట్టి రేకు అంచుని కూడా అదే రాయి మీద చదును చెయ్యండి. రేకు వెనక కొసని రాయి కంటే కాస్త కిందకి వంచి పట్టుకుంటే సరిగ్గా కొన ఒక్కటే ఆనుతుంది. దీనికి బండి అక్కర్లేదు.