పెరట్లో గదికి వైఫై అందట్లేదు, అద్దె ఇల్లు. ఏం చేయమంటారు?

మెకిన్నీ కొత్తోడు:

అందరికీ నమస్తే. గ్రూపులో ఇదే నా మొదటి పోస్టు, పొరపాటుంటే మన్నించండి. సంక్రాంతి అయ్యాక భీమవరం నుంచి డాలస్ వచ్చాం. మెకిన్నీలో పాత ఇల్లొకటి అద్దెకు దొరికింది. వెనక పెరట్లో విడిగా ఒక గది ఉంది, ఓనరు ఒకప్పుడు వడ్రంగి పని చేసుకునేవాడట. చెక్క గోడలు, రేకు కప్పు. కరెంటు ఉంది.

రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాద్ టీమ్‌తో కాల్స్ మొదలవుతాయి. ఇంట్లో చంటిపిల్ల. నేను మెల్లగా మాట్లాడుతున్నాననుకుంటా గానీ మా ఆవిడ అలా అనుకోదు. అందుకే ఆ గదిని ఆఫీసు చేసుకుందామని. రూటరేమో ముందు హాల్లో ఉంది. ఇంటి వెనక గోడ నుంచి గదికి సుమారు 80 అడుగులు. గది గుమ్మంలో నిలబడితే ఒక్క గీత, లోపలికెళ్తే అదీ లేదు. సిగ్నల్ అందుకుని ముందుకు పంపే ఎక్స్‌టెండర్ ఒకటి తెచ్చి వంటింట్లో పెట్టా. ఇప్పుడు ఫోన్‌లో మూడు గీతలు చూపిస్తోంది, కానీ కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతోందని అవతలివాళ్ళు అంటున్నారు. పెరడు తవ్వి కేబుల్ వేస్తానంటే ఓనరు ఒప్పుకునేలా లేడు. ఏం కొనాలి, ఎంతవుతుంది?

ఫ్రిస్కో అక్క:

వెల్‌కమ్ తమ్ముడూ. కొనే ముందు రెండు మూడు సంగతులు చెప్పు. ఆ గదికి ఎప్పుడైనా కేబుల్ టీవీ వైరు లాగారా? గోడ కింద గుండ్రటి, మధ్యలో సూది పట్టేంత రంధ్రం ఉండే కనెక్షన్ కనపడుతుందేమో చూడు. గది కరెంటు ఇంటి ప్యానెల్ నుంచే వస్తోందా, వేరే మీటరుందా? ఇంటికీ గదికీ మధ్య చెట్టుందా?

మెకిన్నీ కొత్తోడు:

టీవీ వైరు లేదక్కా. కరెంటు ఇంటి ప్యానెల్ నుంచే, గదిలో చిన్న బ్రేకర్ బాక్సు ఉంది. మధ్యలో పెద్ద చెట్టొకటి ఉంది, పెకాన్ అంటున్నాడు ఓనరు. ఇప్పుడు మోడుగా ఉంది.

ప్లేనో పాతకాపు:

తమ్ముడూ, ముందు ఆ ఎక్స్‌టెండర్‌ని డబ్బాలో సర్ది, గడువు దాటకముందే రసీదుతో సహా షాపులో ఇచ్చేసెయ్. నీకు కనపడే మూడు గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య ఉన్న సిగ్నల్ మాత్రమే. ఎక్స్‌టెండర్‌కీ హాల్లో రూటర్‌కీ మధ్య ఎలా ఉందో ఆ గీతలు చెప్పవు. పైగా చవకరకం వాటిల్లో ఒకే రేడియో అటు విని ఇటు చెప్పాలి, వేగం సగానికి పడిపోతుంది.

నీకసలు వేగంతో పెద్ద పని లేదు. జూమ్‌లో మంచి క్వాలిటీ వీడియోకి కూడా 4 ఎంబీపీఎస్ సరిపోతుంది. నీ గొంతు ముక్కలయ్యేది నిలకడ లేక. లాప్‌టాప్ నుంచి రూటర్ అడ్రస్‌కి పింగ్ (చిన్న సందేశం పంపి, బదులు ఎంతసేపట్లో వస్తుందో చూసే పరీక్ష) కొట్టి ఐదు నిమిషాలు వదిలెయ్. మామూలుగా ఐదు మిల్లీసెకన్ల లోపు రావాలి. ఒకసారి 4, ఒకసారి 300, మధ్యమధ్యలో టైమవుట్ అని వస్తోందంటే జబ్బు అదే. స్పీడ్ టెస్టు చూసి మురిసిపోతే ఇది బయటపడదు.

సిగ్నల్‌ని గోడల్లోంచి బలవంతంగా తోయాలని చూడకు. పెరడు దాటించడం ఒక పని, గదిలో వైఫై ఇవ్వడం ఇంకో పని. రెండూ ఒకే పెట్టెతో కానిద్దామని చూసినవాళ్ళందరూ చివరికి ఈ గ్రూపులోనే తేలతారు. మన ఏరియా ఇళ్ళ సంగతి ఇంకా తిరకాసు. కొత్త ఇళ్ళ కిటికీ అద్దాలకి ఎండ వేడి ఆపడానికి కంటికి కనపడని లోహపు పూత ఉంటుంది, పైకప్పు చెక్కల లోపలి వైపు రేకు కాగితం అంటించి ఉంటుంది. స్టకో (సిమెంటు పూత) గోడలైతే లోపల ఇనప జాలీయే. ఎండతో పాటు వైఫైనీ ఆపేస్తాయి. నీది పాత ఇల్లు కాబట్టి కిటికీల బాధ తక్కువుండొచ్చు. కొత్తగా వచ్చిన 6 గిగాహెర్ట్జ్ రూటర్ కొంటే దూరం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడ దాటే శక్తి తగ్గుతుంది.

తవ్వే వీల్లేదన్నావు కాబట్టి నీకు సరిపడేది వైర్‌లెస్ బ్రిడ్జి. బయట ఎండకీ వానకీ తట్టుకునే రెండు చిన్న రేడియోలు. ఒకటి ఇంటి వెనక చూరు కింద, ఇంకోటి గది చూరు కింద, ఒకదానివైపు ఒకటి చూస్తూ ఉంటాయి. టీపీ-లింక్ సీపీఈ510, యుబిక్విటీ నానోస్టేషన్ లాంటివి. జత వంద డాలర్ల అటూ ఇటూ. ఇవి కిలోమీటర్ల దూరానికి తయారుచేసినవి, నీ 80 అడుగులు వాటికి లెక్కలోకి రాదు. అందుకే సెట్టింగుల్లోకెళ్ళి ట్రాన్స్‌మిట్ పవర్ (సిగ్నల్ పంపే బలం) బాగా తగ్గించు. ఇంత దగ్గర్లో పూర్తి పవర్‌తో పెడితే అవతలి రేడియో ఉక్కిరిబిక్కిరవుతుంది, లింకు బాగుపడదు.

చెట్టుని మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఇప్పుడు మోడుగా ఉంది కాబట్టి లింకు బ్రహ్మాండంగా వస్తుంది. పెకాన్ ఆలస్యంగా చిగురిస్తుంది, ఏప్రిల్‌లో ఆకులొచ్చి, వానకి తడిసినప్పుడు చూడు దాని ప్రతాపం. ఆకులోని నీళ్ళు ఈ రేడియోలు వాడే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని తాగేస్తాయి. చూరు మీద ఎక్కడ పెడితే కొమ్మల్ని తప్పించుకుని సూటిగా కనపడుతుందో ఇప్పుడే నిచ్చెనేసుకుని చూసుకో. తప్పించే దారే లేకపోతే 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే సీపీఈ210 జత తీసుకో. చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ ఆ బ్యాండ్‌లోనే ఉంటాయి గనక 1, 6, 11 ఛానెళ్ళలో (బ్యాండ్‌లోని ఒక్కో దారి) ఏది ఖాళీగా ఉందో చూసి పెట్టు.

5 గిగాహెర్ట్జ్‌లో కూడా ఛానెల్‌ని ఆటోలో వదలకు. కొన్ని ఛానెళ్ళు రాడార్లతో కలిసి వాడుకునేవి. మన దగ్గర ఎయిర్‌పోర్టుల వాతావరణ రాడార్లున్నాయి. రాడార్ వినపడిందనిపిస్తే రేడియో ఆ ఛానెల్ వదిలేసి పోవాలి, అది రూలు. నీ కాల్ మధ్యలోనే పోతుంది. 36 నుంచి 48 దాకా గానీ, 149 నుంచి పైకి గానీ ఒకటి పట్టుకుని ఖాయం చేసెయ్.

బిగించేటప్పుడు: రేడియోకి వేరే కరెంటు వైరక్కర్లేదు, నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటూ వెళ్తుంది. దాంతో వచ్చే చిన్న నల్ల అడాప్టర్‌కి రెండు రంధ్రాలుంటాయి. పీఓఈ అని రాసింది రేడియోకి, ల్యాన్ అని రాసింది రూటర్‌కి. తారుమారైతే రూటర్ పోర్టు మాడినా మాడొచ్చు. అడాప్టర్ ఇంటి లోపలే ఉండాలి. బయట పాకే కేబుల్ ఎండకి తట్టుకునే అవుట్‌డోర్ రకమే కొను, లోపల వాడే నీలం కేబుల్ టెక్సాస్ ఎండకి పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా దొరికే వాటి మీద సీసీఏ అని రాసుంటే ముట్టుకోకు, అది రాగి పూత పూసిన అల్యూమినియం. గోడలోకి కేబుల్ దూర్చేచోట కొంచెం కిందికి ఉయ్యాలలా వేలాడదీసి మళ్ళీ పైకి తెచ్చి దూర్చు. వాన నీళ్ళు ఆ వంపులో కిందికి కారిపోతాయి. లేకపోతే కేబుల్ పట్టుకుని నేరుగా నీ గోడలోకి నడిచొస్తాయి.

వరంగల్ అన్న:

పాతకాపు అన్న చెప్పింది కరెక్టే, కిరాయి ఇంటికి ఆ రేడియోల బ్రిడ్జే మంచిగుంటది. సొంత ఇల్లున్నోళ్ళు కూడా ఇది చదువుతరు కదా, వాళ్ళ కోసం రాస్తున్న. మీరు మాత్రం రేడియోల జోలికి పోకుండ్రి, తవ్వుండ్రి. తవ్వేటిదేదో పైపు ఏసి అందులకెళ్ళి ఫైబర్ గుంజుండ్రి, రాగి వైరు కాదు.

ఎందుకంటే చెప్త. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ ఉరుములు మెరుపులు ఎట్లుంటయో చూసిన్రు గదా. రెండు బిల్డింగుల నడుమ రాగి తీగ ఏస్తే, దగ్గర్ల పిడుగు పడ్డప్పుడు ఆ తీగ దారి చూపెడ్తది. ఇంట్ల రూటర్, టీవీ, అన్నీ వరుసగ పోతయ్. ఫైబర్ అంటే గాజు, కరెంటు పారదు. ముందే కొనలు కట్టిచ్చిన ఫైబర్ కేబుల్ కావాల్సిన పొడవులో దొరుకుతది, రెండు దిక్కులా ఒక్కో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ కేబుల్‌తోని కలిపే చిన్న పెట్టె), గంతే. రాగికి 100 మీటర్ల హద్దుంది, సింగిల్ మోడ్ అనే దూరపు రకం ఫైబర్‌కి కిలోమీటర్లు. కరెంటు తీగలున్న పైపులనే నెట్ కేబుల్ ఏస్తమంటే మాత్రం కరెంటు పనుల కోడ్ (నియమాలు) ఒప్పుకోదు, ప్రాణానికీ మంచిది కాదు. ఏరే పైపు ఏసుకోవాలె. పైపు లోపల ఒక నైలాన్ తాడు ఇడిసిపెట్టుండ్రి, రేపు ఇంకో కేబుల్ గుంజాలంటే అక్కరకొస్తది.

తవ్వే ముందు 811కి (నేల కింద తీగలు, పైపులు ఏడున్నయో గుర్తు పెట్టిచ్చే నంబర్) ఫోన్ చెయ్యాలె. ఫ్రీ. రెండు మూడు దినాల ముందు చెప్తే వాళ్ళే మనుషుల్ని పంపి గడ్డి మీద రంగులేసి జెండాలు పాతుతరు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నారింజ ఫోన్ ఇంటర్నెట్, నీలం మంచినీళ్ళు, ఆకుపచ్చ డ్రైనేజీ. అయితే మీటర్ దాటినంక మన సొంతంగ ఏసుకున్న లైన్లు వాళ్ళు చూపెట్టరు. స్ప్రింక్లర్ పైపులు, బార్బెక్యూకి పోయే గ్యాసు గొట్టం, అవి మనమే ఎతుక్కోవాలె. హెచ్‌ఓఏ (కాలనీ ఇండ్ల ఓనర్ల సంఘం) ఉన్నోళ్ళు ముందుగాల ఈమెయిల్ కొట్టి పర్మిషన్ తీస్కోండ్రి.

ఎడిసన్ బాబాయ్:

ఇంత హడావుడి దేనికయ్యా? సిమ్ కార్డుతో పనిచేసే 5జీ హోమ్ ఇంటర్నెట్ పెట్టె ఒకటి తెచ్చి ఆ గదిలో పడేస్తే పోలా. వైర్లు లేవు, నిచ్చెనలు లేవు.

ఫ్రిస్కో అక్క:

బాబాయ్ గారూ, సలహా మంచిదే, కానీ ఆ పిల్లాడొచ్చింది మొన్న. క్రెడిట్ హిస్టరీ ఉండదు, సోషల్ సెక్యూరిటీ నంబర్ చేతికొచ్చిందో లేదో. రెండో కనెక్షన్ అనగానే డిపాజిట్ అడగొచ్చు, నెలనెలా బిల్లు వేరే. రేకు కప్పు కింద 5జీ ఎంత అందుతుందో అదీ చూడాలి.

తమ్ముడూ, ఇంకో దారుంది, ముందు అది ప్రయత్నించు. కరెంటు ఇంటి ప్యానెల్ నుంచే వస్తోందన్నావు కదా, పవర్‌లైన్ అడాప్టర్లు పనిచేయొచ్చు. ఇంట్లో ప్లగ్గులో ఒకటి, గదిలో ప్లగ్గులో ఒకటి, ఇంటర్నెట్ కరెంటు తీగల మీదుగా పోతుంది. డబ్బా మీద 2000 అని రాస్తారు, అందులో పదో వంతు వచ్చినా అదృష్టమే. కొన్ని ఇళ్ళలో అసలు రాదు, కొత్తరకం సేఫ్టీ బ్రేకర్లు ఉంటే మరీ మొండికేస్తాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో కాకుండా నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి, రాత్రి కాల్ టైములోనే పరీక్షించు, వాషింగ్ మెషీన్ తిరుగుతున్నప్పుడు కూడా. పింగ్ నిలకడగా ఉంటే నిచ్చెన ఎక్కే పనే లేదు. లేకపోతే వాపస్ ఇచ్చెయ్.

బ్రిడ్జే పెట్టేటట్టయితే ఓనరుకి ఈమెయిల్ రాయి. ఫోన్లో సరే అంటే సరిపోదు, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర మాట మారుతుంది. చూరు కింద నాలుగు స్క్రూలు, పాత కేబుల్ రంధ్రం ఉంటే అదే వాడతాను, వెళ్ళేటప్పుడు పూడ్చి రంగేస్తాను అని రాసి, బదులు వచ్చాకే డ్రిల్లు పట్టుకో. బిగించక ముందు ఫోటోలు కూడా తీసి పెట్టుకో.

మెకిన్నీ కొత్తోడు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. పవర్‌లైన్ జత తెచ్చి చూశాం. పగలు బాగానే ఉంది, రాత్రి హీటర్ ఆన్ అయినప్పుడల్లా పింగ్ ఎగిరిపడుతోంది. వాపస్ ఇచ్చేస్తున్నా. ఓనరు ఈమెయిల్‌కి సరేనన్నాడు, ఇంటి గోడకున్న పాత డిష్ టీవీ వైరు రంధ్రం వాడుకోమన్నాడు. బ్రిడ్జి ఆర్డర్ పెడతాను. ఒక సందేహం: గదిలో రేడియో నుంచి వచ్చే కేబుల్ నేరుగా లాప్‌టాప్‌కి పెట్టుకుంటే చాలా, ఇంకేమైనా కొనాలా? నా దగ్గర ఇండియా నుంచి తెచ్చిన పాత రూటరొకటుంది.

ప్లేనో పాతకాపు:

రేడియో కేబుల్‌ని దాని నల్ల అడాప్టర్‌లో పీఓఈ రంధ్రంలో పెట్టి, కాల్స్‌కి ల్యాన్ రంధ్రం నుంచి నేరుగా లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టుకో, దాన్ని మించింది లేదు. ఫోన్ కోసం ఆ పాత రూటర్ వాడొచ్చు గానీ రెండు చూసుకో. దాని అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందా లేదా. ఉంటే ప్లగ్ మార్చే చిన్న ముక్క చాలు. తర్వాత సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (రూటర్ పని మాని వైఫై మాత్రమే ఇచ్చేది) పెట్టు. అది లేకపోతే డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వచ్చే) పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చు. వ్యాన్‌లో గుచ్చితే రూటర్ వెనక రూటరై ఆ గది వేరే కాపురం పెడుతుంది, ఇంట్లో ప్రింటర్ నీకు కనపడదు. వైఫై పేరూ పాస్‌వర్డూ ఇంట్లోవే పెట్టు, నడుచుకుంటూ వెళ్తే ఫోన్ దానంతటదే మారుతుంది.

జూలైలో పగలంతా మూసి ఉన్న రేకు కప్పు గదిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటడం ఖాయం. ఇంటి రూటర్లని సాధారణంగా 40 దాకే తయారుచేస్తారు. బయట రేడియోలు 70 దాకా తట్టుకుంటాయి, వాటికి భయం లేదు. లోపలి రూటర్‌ని అటక మీద కాకుండా నేల దగ్గర పెట్టు, వాడనప్పుడు ఆపేసెయ్.

వరంగల్ అన్న:

ఒక్క ముచ్చట మరిచిపోయినం. రేడియోలు రాంగనే నిచ్చెన ఎక్కకు. రెండింటినీ ముందుగాల డైనింగ్ టేబుల్ మీద ఎదురెదురుగ పెట్టి, ఒకటి యాక్సెస్ పాయింట్ (సిగ్నల్ ఇచ్చేటిది), ఇంకోటి క్లయింట్ (అందుకునేటిది) చేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండు అడ్రస్‌లు కాయితం మీద రాసిపెట్టు. లింకు కలిసినంకనే గోడకెక్కియ్యి. శనివారం నేను ఆ దిక్కే వస్తున్న, డ్రిల్లు కావాలంటే చెప్పు, తెస్త.