లుహ్యా ఊరి కామెడీలు: ఆచారాన్ని నిలబెడుతున్నాయా, యాసని అమ్ముకుంటున్నాయా?

పద్మ_నైరోబీ:
మేం కెన్యా వచ్చి తొమ్మిదేళ్లు. పోయిన ఆదివారం నుంచి ఒక విషయం మనసులో తిరుగుతూనే ఉంది, మీరేమంటారో చెప్పండి. కకమెగా, బుంగోమా, విహిగా, బుసియా వైపు, అంటే పశ్చిమ కెన్యాలో ఉండే లుహ్యాల మీద తీసే ఊరి కామెడీలు ఇక్కడ టీవీలోనూ యూట్యూబ్‌లోనూ బాగా నడుస్తాయి. ఓలి ఆవుల బేరం, చావింటి తగువులు, సిటీ నుంచి కొత్త ఫోన్‌తో దిగిన కొడుకు, ఇలాంటి కథలే. నేనూ చూస్తాను, నవ్వుతాను. ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒకాయన మాత్రం, మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఎదురుగానే ఆ యాస పట్టి మాట్లాడాడు. 'గ'ని 'క'లా, 'డ'ని 'ట'లా. అందరూ నవ్వారు. ఆవిడది బుంగోమా, లుహ్యాల్లోనే బుకుసు అనే తెగ మనిషి. టీ పోస్తున్న చెయ్యి ఆగలేదు, తల కూడా ఎత్తలేదు, కప్పులన్నీ నిండాక వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. ఆయన్ని నేను ఆపలేదు, అది నా తప్పే. ఈ కామెడీలు ఆ జనానికి మేలుకంటే చేటే ఎక్కువ చేస్తున్నాయని అప్పట్నుంచి అనిపిస్తోంది.

లెక్కల_మాస్టారు:
పద్మగారూ, ఆయన చేసింది తప్పే, కానీ దాన్ని తీసుకెళ్లి కామెడీ నెత్తిన వెయ్యకండి. కకమెగా దగ్గర ఆరేళ్లు లెక్కలు చెప్పాను. సాయంత్రమైతే ఒక్క ఫోన్ చుట్టూ పదిమంది చేరేవాళ్లు, అందరికంటే గట్టిగా నవ్వేది ముసలివాళ్లే. ఎందుకంటే ఆ నవ్వు ఆచారం తెలిసినవాళ్లకే వస్తుంది. అక్కడ అల్లుడూ అత్తగారూ దగ్గరగా మసలకూడదు, చెయ్యి కలపకూడదు. అలాంటివాళ్లిద్దరూ సంత రోజు కిక్కిరిసిన మటాటూలో, అంటే ఇక్కడి షేర్ వ్యాన్‌లో, ఒకే సీట్లో ఇరుక్కున్నారనుకోండి. ఆవిడ పైబట్ట మొహం మీదికి లాక్కుంటుంది, ఇతను కిటికీలోంచి సగం బయటికి వేలాడతాడు, కండక్టరేమో 'జరగండి జరగండి' అంటూ ఇద్దర్నీ ఇంకా దగ్గరికి నెడుతుంటాడు. ఇందులో ఎగతాళి ఎక్కడుంది? ఆ మర్యాద ఎంత గట్టిదో కనపడుతోంది.

కోడి కందనకాయ సంగతీ అంతే. ఇమోండో అంటారు దాన్ని. ఇంటిపెద్దకో, గౌరవించాల్సిన అతిథికో వడ్డించాలి, పూర్వమైతే ఆడవాళ్లు కోడి మాంసమే ముట్టకూడదనేవారు. నైరోబీలో ఉద్యోగం చేస్తూ ఆ కోడిని తన డబ్బుతో కొన్న కూతురు కందనకాయ తన ప్లేట్లో వేసుకుంటే ఆ ఇంట్లో ఏమవుతుంది? ఉపన్యాసమిస్తే ఎవరూ వినరు, స్కిట్ తీస్తే ఊరంతా వాదించుకుంటుంది.

శీను_కరీంనగర్:
నేను ఆఫ్రికా ఎప్పుడూ వెళ్లలేదు గానీ ఈ బాధ నాకు బాగా తెలుసు. మన సినిమాల్లో తెలంగాణ యాసని ఎన్నేళ్లు రౌడీకీ కమెడియన్‌కీ మాత్రమే ఇచ్చారో అందరికీ గుర్తే. హాస్టల్లో నేను 'ఎటు పోతున్నవ్' అంటే చాలు, నవ్వేవాళ్లు, ఏ జోకూ వెయ్యకపోయినా. మాస్టారూ, మీరు చెప్పిన మటాటూ సీన్ నాకు చాలా నచ్చింది. చూడండి, దాన్లో యాస అవసరమే పడలేదు. అవసరం లేనిచోట కూడా యాసని ఎందుకు లాక్కొస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

పద్మ_నైరోబీ:
శీను సరిగ్గా పట్టుకున్నాడు. ఇక్కడ పదేళ్లకు పైగా సిటిజన్ టీవీలో నడిచిన 'పాపా షిరండులా' అనే కామెడీ సీరియల్ తీసుకోండి. హీరో వాచ్‌మన్, ఆ సంగతి పెళ్లాం దగ్గర దాస్తాడు. పనిమనిషి అవింజా, బరువైన లుహ్యా యాస. 2019 జనాభా లెక్కల ప్రకారం లుహ్యాలు 68 లక్షల పైచిలుకు, దేశంలో రెండో పెద్ద సమూహం. అంతమంది జనం, నైరోబీలో జోకు వెయ్యాలంటే మాత్రం వాచ్‌మన్, వంటవాడు, పనిమనిషి. అది విని విని మా ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎదురుగా ఉన్న మనిషి కూడా జోకులాగే కనపడింది.

లెక్కల_మాస్టారు:
షిరండులా వేసిన చార్లెస్ బుకెకోది బుసియా వైపే. 2020 జులైలో కొవిడ్‌తో పోయాడు, మా స్టాఫ్‌రూమ్‌లో ఆ రోజు ఎవరూ సరిగ్గా మాట్లాడలేకపోయారు. అతను నవ్వించింది వాచ్‌మన్ ఉద్యోగాన్ని చూపించి కాదండీ, ఆ ఉద్యోగం చెప్పుకోడానికి సిగ్గుపడే మనిషిని చూపించి. ఇంకో మాట. కకమెగా వైపు డప్పులతో ఆడే ఇసుకుటి నాట్యాన్ని 2014లో యునెస్కో తక్షణం కాపాడాల్సిన వాటిలో చేర్చింది. మంచిదే, కానీ జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన మనవడు డప్పు పట్టడు కదా. వాడు చూసేది ఫోన్. ఫోన్‌లో తన ఊరు కనపడితే కనీసం తాతని అడుగుతాడు.

గోదారిగట్టు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. నవ్వకూడని చోట్లు ఉన్నాయా లేవా? బుకుసుల్లో ఖననం అయ్యాక కుముసే అని పెట్టి ఒక పెద్దాయన జనం మధ్య అటూ ఇటూ నడుస్తూ వంశచరిత్రా మంచిచెడ్డలూ చెబుతాడని, అంతసేపూ అందరూ నిశ్శబ్దంగా కూర్చోవాలని విన్నాను. దాన్ని కూడా స్కిట్ చేసేస్తే నా మటుకు నాకు తప్పనిపిస్తుంది. మన కర్మకాండ మీద ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా?

లెక్కల_మాస్టారు:
కుముసే విషయంలో మీతో ఏకీభవిస్తాను. అది సొంతవాళ్లు తీసినా నాకు నచ్చదు. సున్తీ పండగ మీద మాత్రం వాళ్లే బోలెడు జోకులు వేసుకుంటారు. సరిసంవత్సరాల్లో ఆగస్టు వస్తే కుర్రాళ్లు చిన్యింబా గంటలు మోగిస్తూ చుట్టాల ఇళ్లకి తిరుగుతారు. మేనమామ ఎద్దుని కోసి ఆ మాంసం ముక్క, లులికి అంటారు, మేనల్లుడి మెడలో వెయ్యాలి. ఇప్పుడు ఒక మేనమామ ఎద్దుకి బదులు ఎం-పెసాలో, అంటే ఫోన్ ద్వారా, డబ్బు పంపించేశాడనుకోండి, 'మెడలో ఏం వేసుకోను మామా, మెసేజా?' అని కుర్రాడు అడిగితే అది ఆచారాన్ని చిన్నబుచ్చడమా, మామని నిలదీయడమా?

పద్మ_నైరోబీ:
మాస్టారూ, ఇన్ని మాటలనుకున్నాం, నిన్న ఆవిడనే అడిగాను. ముందు ఆదివారం సంగతికి క్షమించమన్నాను. 'అలాంటివి అలవాటే మమ్మీ' అంది, ఆ అలవాటు అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. శీనూ, అవసరం లేనిచోట యాసని లాక్కురావడం తప్పే అన్న నా మాట మారలేదు. తర్వాత ఫోన్లో సున్తీ పండగ స్కిట్ ఒకటి ఇద్దరం కలిసి చూశాం. మేనమామ దగ్గర పడీ పడీ నవ్వింది. చివర్లో మాత్రం నవ్వు ఆపి, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని వెనక్కి తిప్పింది. యాస గురించి అంటుందేమో అనుకున్నాను. 'ఈ పాట ఇక్కడ పాడరు. తెల్లారుజామున కుర్రాడు ఒళ్లంతా బురద పూసుకుని ఏటి నుంచి తిరిగొస్తాడు చూడండి, అప్పుడే పాడాలి. వీళ్లు ముందురోజే పాడేశారు' అంది. ఈ ఆగస్టులో వాళ్ల రెండోవాడిది. పది రోజులు సెలవడిగింది, పదిహేను తీసుకోమన్నాను.