ఫోర్ స్ట్రింగ్ బాస్ గిటార్‌ను కింది ‘బీ’ శ్రుతి దాకా దించాలంటే నట్ అరగదీయాలా, వద్దా?

ఒంగోలు లో-ఎండ్:
చర్చిలో చాలా పాటలు సీ, డీ శ్రుతుల్లో నడుస్తాయి. మామూలు ఈ-ఏ-డీ-జీ బాస్ మీద ఆ కింది సీ, డీలు దొరకవు. 34 అంగుళాల స్కేలు (స్ట్రింగ్ మోగే నిడివి), 45-65-85-105 స్ట్రింగ్స్ (మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉన్న బాస్‌ను ఏం చేయాలన్నదే చర్చ.

నా మాట సూటిగా చెప్తా: ఉన్న స్ట్రింగ్స్‌నే వదులు చేసి సరిపెట్టుకోవద్దు. రెండు సెమీటోన్లు (ఒక్కోటి ఒక ఫ్రెట్ అంత) దించితేనే లాగుడు 21 శాతం పోతుంది. ‘ఈ’ని ‘బీ’కి, అంటే ఐదు సెమీటోన్లు దించితే 44 శాతం పోతుంది. అప్పుడు 105 స్ట్రింగ్ బట్టల దండెంలా ఊగుతుంది, ఫ్రెట్ల మీద కొట్టుకుంటుంది. మీటిన క్షణం శ్రుతి పైకి లేచి తర్వాత కిందికి జారుతుంది. ఫైవ్ స్ట్రింగ్ సెట్ కొని 130-105-85-65 వేసి, 45ని పక్కన పెట్టి, బీ-ఈ-ఏ-డీ చేసుకోండి. నట్, అంటే తల దగ్గర స్ట్రింగ్స్ ఆనే పట్టీ, దాని గాడులు వెడల్పు చేయక తప్పదు.

పెన్నా గట్టు, నెల్లూరు:
నట్ జోలికి పోవద్దు బ్రదర్. ‘బీ’ అంటే 31 హెర్ట్జ్. మన మందిరాల్లో ఉండే 15 అంగుళాల స్పీకర్లు 45–50 కిందికి వచ్చేసరికే నీరసపడతాయి. వినపడని దానికోసం బాస్‌ను కోసుకోవడం ఎందుకు? ‘ఈ’ ఒక్కటి ‘డీ’కి దించండి. 105 బదులు 110 వేస్తే చాలా నట్‌లలో అట్టాగే కూర్చుంటుంది. పాట మధ్యలో మార్చాలంటే హిప్‌షాట్ ఎక్స్‌టెండర్ లాంటి లివర్ ట్యూనర్ పెట్టుకోవచ్చు. పైన జీ స్ట్రింగ్ కూడా మిగులుతుంది. ఒకసారి 65కి తెరిచిన గాడిలో మళ్లీ 45 వేస్తే అది అటూ ఇటూ ఆడుతుంది, ఓపెన్ స్ట్రింగ్ జుమ్మంటుంది.

ఒంగోలు లో-ఎండ్:
స్పీకర్ వాదన నిలవదన్నా. మామూలు ‘ఈ’ కూడా 41 హెర్ట్జే గదా, అదీ మీరు చెప్పిన గీత కిందే ఉంది. అయినా మనకు వినపడుతుందంటే, దాని పై హార్మోనిక్స్ (స్వరంతో పాటే మోగే రెండింతలు, మూడింతల స్వరాలు) పట్టుకుని చెవి కింది స్వరాన్ని కట్టుకుంటుంది. ‘బీ’కి కూడా 62, 93 దగ్గర అవి ఉంటాయి. పైగా ఒక్క ‘డీ’ దించితే సీ పాటకు ఏం చేస్తారు?

నట్ విషయంలో మీ భయం న్యాయమే, దానికి మార్గం ఉంది. పాత నట్ ఊడదీసి దాచండి. కొత్తది తెచ్చి దాన్నే అరగదీయండి. ఊడదీసేటప్పుడు అంచుల్లోని పాలిష్‌ను ముందు బ్లేడుతో గీసి, పక్కనుంచి చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టండి. పైకి పెకలిస్తే ఫింగర్‌బోర్డు అంచు లేచిపోతుంది.

ఒక్కో గాడి అర మిల్లీమీటరు, కొంచెం పైన వెడల్పు కావాలి. నట్ ఫైళ్లు లేకపోతే, ఆ గాడిలో ఇంతకుముందున్న పాత స్ట్రింగ్‌కే 400 నంబరు ఉప్పుకాగితం ఒక చుట్టు చుట్టండి. అదే ఆకురాయి. రెండు వైపులా కాగితం మందం కలిసి దాదాపు కావలసినంత వస్తుంది. రెండు రుద్దులు రుద్ది, కొత్త స్ట్రింగ్ పెట్టి చూడండి, మళ్లీ రుద్దండి. గాడి తల వైపుకు వాలుగా ఉండాలి, స్ట్రింగ్ ఫింగర్‌బోర్డు వైపు అంచు మీదే ఆనాలి. ఆ వాలు తప్పితే సితారులా జీరపోతుంది. స్ట్రింగ్‌లో సగం గాడిలో, సగం పైన ఉంటే చాలు. మూడో ఫ్రెట్ నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. రెండు మూడు కాగితాల మందం మిగలాలి. అసలు సందే లేకపోతే మరీ లోతు పోయినట్టు.

కావలి ఫ్రెట్:
మందపు స్ట్రింగ్స్ వేస్తే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) బిగించాలని చాలామంది చెప్తుంటారు. బీ-ఈ-ఏ-డీకి అది తప్పు. పాత మూడు స్ట్రింగ్స్ అదే లాగుడుతో పక్క గాడికి జరిగాయి, జీ పోయి బీ వచ్చింది, అంతే. మొత్తం లాగుడు కొంచెం తగ్గుతుంది కూడా. అదే పాత స్ట్రింగ్స్‌తో అన్నీ రెండు సెమీటోన్లు దించితే నెక్ వెనక్కి వంగుతుంది, 1–5 ఫ్రెట్ల దగ్గర బజ్ (స్ట్రింగ్ ఫ్రెట్‌కు తగిలే జీర) వస్తుంది. అప్పుడు రాడ్ వదులు చేయాలి, అదీ పావు చుట్టుకు మించకుండా, శ్రుతి చేసి మళ్లీ చూసుకుంటూ. మొదటి ఫ్రెట్, ఆఖరి ఫ్రెట్ నొక్కినప్పుడు 7–8 ఫ్రెట్ల దగ్గర 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. పైఫ్రెట్లలో మాత్రమే బజ్ వస్తే రాడ్ ముట్టుకోకుండా శాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే ముక్క) లేపండి. 17వ ఫ్రెట్ దగ్గర ‘బీ’ స్ట్రింగ్ ఎత్తు 2.4, గట్టిగా మీటేవాళ్లకు 2.8 మిల్లీమీటర్లు. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి స్ట్రింగ్స్ తుప్పు పడతాయి, వానల్లో నెక్ కదులుతుంది. కార్తీకంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఈ సందు కొలవండి.

పెన్నా గట్టు, నెల్లూరు:
పాత నట్ దాచే పద్ధతి బాగుంది, అది ఒప్పుకుంటా. అయినా ఒకే ఆరాధనలో కింది బీ, పైన జీ రెండూ కావలసినవాళ్లకు ఫైవ్ స్ట్రింగే సరైనది, బీ-ఈ-ఏ-డీ కాదు. పైన జీ లేక, పాటల మధ్య మెలికలు వాయించడానికి చెయ్యి ఎక్కడికో పోవాలి.

చేసేవాళ్లకు మూడు జాగ్రత్తలు. ‘బీ’ స్ట్రింగ్ తోక సన్నగా ఉన్నది తీసుకోండి, లేకపోతే ట్యూనర్ చీలికలో దూరదు. కోసేముందు మడవండి, మడత దాటాకే కోయండి. మడవకుండా కోస్తే లోపలి తీగ మీద చుట్టు జారి, ఆ స్ట్రింగ్ మొద్దుబారిపోతుంది. ఇంటోనేషన్‌కు (పైఫ్రెట్లలోనూ శ్రుతి నిలవడానికి) ‘బీ’ శాడిల్ బాగా వెనక్కి పోతుంది. శాడిల్ స్ప్రింగ్ అడ్డొస్తే దాన్ని కొంచెం కత్తిరించండి. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం, అక్కడే స్ట్రింగ్‌ను వేలితో తాకి మీటిన హార్మోనిక్ కన్నా పైన ఉన్నంతసేపూ వెనక్కే జరపాలి.

ఒంగోలు లో-ఎండ్:
పికప్ మర్చిపోయారన్నా. 130 స్ట్రింగ్ పికప్ అయస్కాంతానికి దగ్గరగా ఉంటే శ్రుతి వణుకుతుంది. ఆఖరి ఫ్రెట్ నొక్కి చూసి, ‘బీ’ వైపు సందు 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా పికప్‌ను దించండి.