టోటల్ స్టేషన్‌కి ఏ స్టాండు మంచిది: చెక్కదా, అల్యూమినియందా?

కొత్త సర్వేయర్, మంగళగిరి:
సెకండ్ హ్యాండ్‌లో కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్ కొన్నాను, 5 సెకన్ల కచ్చితత్వంది (కోణంలో సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). స్టాండు విడిగా తీసుకోవాలి. షాపులో అల్యూమినియంది చూపించి, తేలిక, బండి మీద కట్టుకుపోవచ్చు అంటున్నారు. నాకు పని నేర్పిన గురువుగారేమో చెక్కది తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటారు. నా పనంతా ప్లాట్లు, లంక పొలాలు. ఏది తీసుకోమంటారు?

గుంటూరు లెవెల్:
నేను పన్నెండేళ్లుగా అల్యూమినియమే వాడుతున్నా. కాలవ పనులు, రోడ్డు లెవెల్స్. రేగడి మట్టి అంటితే నీళ్లు కొడితే పోతుంది. చెక్కదైతే వానాకాలం ఉబ్బిపోయి కాలు లోపలికి దిగదు. పైగా 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచి పొలాల్లో ఎక్కడ చూసినా రోవర్ కర్రే (ఉపగ్రహాల సిగ్నల్‌తో హద్దులు పట్టేది) కనిపిస్తోంది. ఈ రోజుల్లో ఏడు కిలోల చెక్క మోయడం దేనికి?

బెజవాడ హద్దురాయి:
అన్నా, లెవెల్ వరకు మీ మాట ఒప్పుకుంటాను. ఆటో లెవెల్ బరువు తక్కువ, చూసేది ఎత్తు ఒక్కటే. టోటల్ స్టేషన్ అయిదారు కిలోలుంటుంది, చూసేది కోణం. రోవర్ సంగతంటారా, మామిడి తోటలో చెట్ల కింద, వన్‌టౌన్ సందుల్లో అది ఫిక్స్ (కచ్చితమైన స్థానం) ఇవ్వక నిలబడిపోయినప్పుడు మళ్లీ దించేది టోటల్ స్టేషన్‌నే.

నాకు జరిగింది చెప్తాను. రోహిణి కార్తెలో గొల్లపూడి వైపు ఒక లేఅవుట్. అల్యూమినియం స్టాండు. బ్యాక్‌సైట్ కట్టి (ముందే తెలిసిన గుర్తు వైపు చూసి కోణం మొదలుపెట్టి), ముప్పావుగంట రాళ్లు చూపించి, మళ్లీ బ్యాక్‌సైట్ కొడితే కోణంలో 20 సెకన్లు తేడా. 200 మీటర్ల దూరంలో అది దాదాపు 2 సెంటీమీటర్లు! బబుల్ మధ్యలోనే ఉంది. మిషన్ పాడైందనుకుని గుండె జారిపోయింది. అనుకోకుండా స్టాండు కాలి మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. నీడ వైపు కాలు మాత్రం చల్లగా ఉంది.

మీటరున్నర అల్యూమినియం కాలు 20 డిగ్రీలు వేడెక్కితే 0.7 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. చెక్క పొడవు వైపు అందులో దాదాపు అయిదో వంతే సాగుతుంది. కాళ్లు మూడూ సమంగా సాగితే గొడవ లేదు, ఒకటే సాగితే స్టాండు తల ఒరుగుతుంది, మెలి తిరుగుతుంది. కాస్త ఒరిగితే మిషన్ లోపలి కాంపెన్సేటర్ (వాలు సరిచేసే భాగం) సరిచేస్తుంది. మెలి తిరిగితే దానికి తెలియదు. అందుకే తమ్ముడూ, బరువైన చెక్క స్టాండే తీసుకో. ఎండలో గొడుగు పట్టించు, పావుగంటకోసారి బ్యాక్‌సైట్ చూడు.

గుంటూరు లెవెల్:
అదంతా సరే, ఉబ్బిన కాలు సంగతి చెప్పలేదు మీరు.

బెజవాడ హద్దురాయి:
నిజమే, చెక్కకున్న జబ్బు అదే. పొలం నుంచి తడిగా తెచ్చి, అలాగే సంచిలో దూర్చి మూలన పడేస్తే ఉబ్బుతుంది. తడిగుడ్డతో మట్టి తుడిచి, కాళ్లు పూర్తిగా బయటికి లాగి, నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. వార్నిష్ లేచిన చోట వెంటనే పూయాలి. కాలు జారే చోట నూనె రాయొద్దు, బిగింపు పట్టదు. ఆరాక స్క్రూలు వదులు చేసి, తలకి మూత పెట్టి, నిటారుగా నిలబెట్టాలి. గోడకి ఏటవాలుగా నెలల తరబడి ఆనించొద్దు, దాని మీద స్టాఫులూ (లెవెల్ కొలత కర్రలు) మేకుల బస్తాలూ వెయ్యొద్దు. వేసవిలో చెక్క కుదించుకుపోయి ఇనప మొనల స్క్రూలు వదులవుతాయి, బిగించుకోవాలి.

పాతది కొంటుంటే షాపులోనే ఒకటి చూడు. కాళ్లు విప్పి, తల పట్టుకుని పైకెత్తు. కాళ్లు విప్పినట్టే ఆగాలి, లేదా నెమ్మదిగా కిందికి వాలాలి. దబ్బున పడితే కీలు వదులైంది, ఆ స్టాండు ఏ లోహమైనా, ఏ చెక్కైనా కోణం నిలవదు.

గుంటూరు లెవెల్:
మీ మాట మీద ఇప్పుడే నా స్టాండు ఎత్తి చూశాను. రెండు కాళ్లు ఆగాయి, మూడోది దబ్బున పడింది. బోల్టు బిగించాను, ఇప్పుడు నిలుస్తోంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ చూసుకోలేదు. లెవెల్‌కి మాత్రం నేను అల్యూమినియం మానను.

కొత్త సర్వేయర్, మంగళగిరి:
చెక్కదే ఖాయం చేసుకున్నానండీ. ఆదివారం షాపుకి వెళ్తున్నా, కాళ్లు ఎత్తి చూశాకే డబ్బు ఇస్తాను.